మూడుసార్ల మావయ్య

యూనివర్సిటీ నీళ్ళ ల్యాబ్‌లో ఆయన్ని అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. ఆ పేరు హాజరు పట్టీలో మాత్రం బతికి ఉంది. పిల్లలందరికీ ఆయన మూడుసార్ల మావయ్య. ఏ గాజు సామానైనా కుళాయి నీళ్ళతో మూడుసార్లు, శుద్ధి చేసిన నీళ్ళతో మూడుసార్లు కడగాలి. ఏ రీడింగైనా మూడుసార్లు తీయాలి. ఇంకొకళ్ళ సామాను ముట్టుకోవాలంటే ఆ మనిషిని మూడుసార్లు అడగాలి. మూడుసార్లు కనపడనిది కనపడనట్టే లెక్క అనేది ఆయన శాసనం. ప్రొఫెసర్లు సైతం ఆ ల్యాబ్‌లో కాలు పెట్టాక ఈ శాసనానికి తల వంచాల్సిందే, అక్కడ ఎవరి పప్పులూ ఉడకవు.

ఇంట్లోనూ ఇదే వరస. తాగిన గ్లాసు మూడుసార్లు తొలుస్తాడు, వేసిన తాళం మూడుసార్లు లాగి చూస్తాడు. ఆయన భార్యది మాత్రం నవ్వేసి ఊరుకునే స్వభావం. పెళ్ళికి ముందు తనను చూడటానికి కూడా ఈయన మూడుసార్లు వచ్చాడని, రెండోసారికే తన తండ్రికి చిర్రెత్తుకొచ్చిందని ఆవిడ ఎవరు దొరికితే వాళ్ళకు చెప్పేది. నిప్పును కూడా కడిగే మనిషి అని మొగుణ్ణి ఆటపట్టించేది.

ఈ పిచ్చి ఆయనకు పుట్టుకతో వచ్చింది కాదు. తండ్రి మంచాన పడితే డిగ్రీ రెండో ఏట చదువు ఆపేసి, ఇరవై రెండేళ్ళ వయసులో ఆ ల్యాబ్‌లో సీసాలు కడిగే పనికి చేరాడు. చేరిన మొదటి నెలలోనే ఒక సీసాలో సబ్బు నురగ కాస్త మిగిలిపోయింది. ఆ కాస్త నురగ ఒక విద్యార్థి నెల రోజుల పనిని పాడుచేసింది. ఆ విద్యార్థి గడ్డం మాసిన పెద్దవాడు, కిటికీ పక్కన కూర్చుని అందరూ చూస్తుండగానే వెక్కివెక్కి ఏడ్చాడు. మావయ్యను ఎవరూ ఏమీ అనలేదు. ఎవరైనా తిట్టి ఉంటే బాగుండేది, తిట్టు మర్చిపోవచ్చు. ఆ ఏడుపు మాత్రం ఆయన చెవుల్లో అలాగే ఉండిపోయింది. తన చేతి పని వల్ల ఇంకో బిడ్డ కంట నీరు రాకూడదని ఆ రోజే గట్టిగా అనుకున్నాడు. ముప్పై ఆరేళ్ళపాటు రానివ్వలేదు కూడా.

ప్రతి ఏడాదీ ఇంజినీరింగ్ చివరి సంవత్సరం పిల్లలు కొందరు పరిశోధన నేర్చుకోవడానికి ఆ ల్యాబ్‌కు వచ్చేవారు. కాగితం మీద వాళ్ళ గైడు మేడమ్. ఆవిడ మంచి మనిషే, పని నేర్చినదే. కానీ మీటింగులు, సదస్సులు ఆవిడ కాలాన్ని కొరుక్కు తినేవి. గొట్టం ఎలా బిగించాలి, లీకు చప్పుడు ఎలా వినాలి, రీడింగు నచ్చకపోతే దాన్ని మార్చాలన్న ఆశను ఎలా చంపుకోవాలి, ఇవన్నీ నేర్పేది మావయ్యే. ఆ మేడమ్ కూడా ఒకప్పుడు అదే బల్ల దగ్గర నిలబడి, సరిగ్గా కడగని బీకరు చేత్తో పట్టుకుని, ఆయన చేత చీవాట్లు తిన్న పిల్లే.

ఆయన రిటైర్మెంట్ దగ్గరపడుతుండగా వచ్చిన ఒక బ్యాచీలో ఒక పిల్ల ఉంది. సన్నగా, చింపిరి జుట్టుతో, కాలు ఒక చోట నిలవని పిల్ల. కుళాయికీ బల్లకూ, బల్లకూ తూనికకూ తిరుగుతూనే ఉండేది. మావయ్య రెండో రోజునే చీమ అని పేరు పెట్టేశాడు. ఆ పిల్లకు కోపం రాలేదు సరికదా, నోట్‌బుక్ అట్ట మీద తన పేరు పక్కన చిన్న చీమ బొమ్మ గీసుకుంది. తండ్రి సిటీ బస్సు నడుపుతాడు. ఇంట్లో ఇంజినీరింగ్ దాకా వచ్చింది ఆ పిల్ల ఒక్కతే.

ప్రశ్నలతో మావయ్య తల తినేసేది. వచ్చిన వారంలోనే ఒక ప్రశ్న వేసింది. అన్నీ మూడుసార్లే ఎందుకు, నాలుగుసార్లు ఎందుకు కాదు? ముప్పై ఆరేళ్ళలో ఆ మాట అడిగినవాళ్ళు లేరు.  మావయ్య ఇంటికి వెళ్ళి అన్నం ముందు కూర్చుని కూడా అదే ఆలోచించాడు. మర్నాడు చీమ తలుపు తీసి లోపలికి రాకముందే జవాబు చెప్పాడు.

"రెండుసార్లు తీస్తే, రెండూ వేరేగా వస్తే, ఏది తప్పో తెలీదు. మూడోది తీర్పు చెప్తుంది. ఇక నాలుగోదానికి నాకు ఓపిక లేదమ్మా."

చీమ పడీ పడీ నవ్వింది. ఆ జవాబును నోట్‌బుక్‌లో రాసుకుంది. మావయ్యకు పిల్లలు లేరు. ఆ లోటును ఆయన ఎన్నడూ పైకి అన్నది లేదు. కానీ ఆ రోజు ఇంటికి వెళ్ళి, ల్యాబ్‌లో కొత్తగా ఒక పిల్ల వచ్చిందని, అసాధ్యురాలని భార్యకు చెప్పాడు. ఆ వారంలో అదే మాట ఇంకో రెండుసార్లు చెప్పాడు.

చీమ పని ఇసుక గొట్టాలతో. మనిషెత్తు గాజు గొట్టాలు నాలుగు గోడకు వరసగా నిలబెట్టారు. లోపల సగం దాకా సన్నని ఇసుక. పైనుంచి మోటారు నీళ్ళు వదులుతుంటే, అవి ఇసుకలో మెల్లగా ఇంకి కింద సీసాలోకి దిగుతాయి. కొన్ని వారాలు గడిచేసరికి ఇసుక మీద జిగురుగా ఒక పొర కడుతుంది. అది పాల మీద మీగడలా ఉంటుంది, రంగు మాత్రం బురద రంగు. కంటికి కనపడని జీవాలు కోట్లకొద్దీ అందులో కాపురం ఉంటాయి. నీళ్ళను శుభ్రం చేసేది నిజానికి ఆ మురికి పొరే. అది మరీ మందమైతే నీళ్ళు కిందకు దిగక పైన పేరుకుంటాయి. అందుకని ప్రతి గొట్టానికీ మావయ్య స్కేలు పెట్టి కొలిచి, ఒకే ఎత్తులో ఎర్ర టేపు అంటించాడు. నీళ్ళు టేపును తాకితే పై పొరను వేలెడు మందాన గీకి, ఆ ఇసుకను కడిగి ఆరబెట్టాలి. ఆ ల్యాబ్‌లో తరతరాల విద్యార్థులు చేసింది అదే.

ఇక్కడ మావయ్యకు తెలియని సంగతి ఒకటి చెప్పాలి. చీమకు ఒక ఆలోచన వచ్చింది. ఊరి చివర బట్టలకు రంగులద్దే పనిచోట్ల నుంచి వచ్చే నీలిరంగు నీళ్ళే ఆ గొట్టాలన్నిటిలో పోసేవి, కానీ ఆ నీలం ఏ వడపోతకూ లొంగదు. పొరను గీకకుండా ముదరనిస్తే, అందులోని జీవాలు ఏదో ఒకనాటికి ఆ నీలాన్ని తినడం నేర్చుకోవచ్చు కదా అని ఆ పిల్ల ఆశ. మేడమ్ సరేనంది. ఒక్క మూడో గొట్టంలో చేసి చూడమంది, మావయ్యకు కూడా చెప్పమంది. చీమ చెప్పలేదు. ఆయన ముప్పై ఆరేళ్ళ పద్ధతిని నిన్నగాక మొన్న వచ్చిన తను కాదన్నట్టు ఉంటుందని జంకింది. మూడో గొట్టం మీది ఎర్ర టేపును ఊడదీసి జానెడు పైకి అంటించి, సంగతి అంతా నోట్‌బుక్‌లో రాసుకుని ఊరుకుంది. మంచి ఫలితం వస్తే అప్పుడు చేయి పట్టుకుని తీసుకెళ్ళి చూపించాలని, ఆయన మొహం ఎలా మారుతుందో చూడాలని అనుకుంది. మొదటి మూడు గొట్టాలకూ అడ్డంగా ఒక బీరువా ఉండేది, పైగా వాటిని చీమే చూసుకునేది. అందుకని మావయ్య కంట పడలేదు.

ఏడో నెలలో అద్భుతం జరిగింది. మూడో గొట్టం పైనుంచి నీలంగా పోసిన నీళ్ళు కిందకు మంచినీళ్ళలా దిగాయి. చీమ ఒక వారం పాటు రోజూ రీడింగు తీసింది. నీలం జాడ లేదు. మేడమ్ ఆ అంకెలు చూసి కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చూసింది. పొరలో కాస్త తీసి సూక్ష్మజీవుల విభాగానికి పంపాలని, ఆ కాస్తతోనే మిగతా గొట్టాలకు తోడు వేసి మళ్ళీ చేసి చూపించాలని చెప్పింది. చెప్పి సదస్సుకు వెళ్ళింది. మూడు గొట్టాల్లో కనపడ్డాకే మావయ్యకు చూపిద్దామని చీమ ఆగింది.

చీమకు ఆ పొర ఎంత ప్రాణమో తెలియాలంటే ఇంకో మాట తెలియాలి. నెల రోజుల్లో రివ్యూ ఉంది. చివరి ఏడాది పిల్లల్లో ఒక్కరికే, ఆ రివ్యూలో, రెండేళ్ళ పరిశోధన సీటు ఇస్తారు. ఆ సీటు వస్తే చీమ ల్యాబ్‌లో ఉండిపోతుంది. రాకపోతే ఒక కంపెనీలో ఫోన్లు ఎత్తి జనం ఫిర్యాదులు వినే ఉద్యోగం అప్పటికే తయారుగా ఉంది. తండ్రికి చూపు మసకబారుతోంది, స్టీరింగు ముందు ఎన్నాళ్ళు కూర్చోగలడో ఆయనకే తెలియదు. రివ్యూ దాకా నీ ఇష్టం తల్లీ, ఆ తర్వాత నా వల్ల కాదు అని కూతురికి ముందే చెప్పేశాడు. చెప్పడానికి ఆయన ఎంత నలిగిపోయాడో చీమకు తెలుసు, అందుకే ఎదురు చెప్పలేదు.

శుక్రవారం పొరలో ఆ కాస్త తీయాల్సిన రోజు. ఆ పొద్దున చీమకు ఒళ్ళు కాలిపోయే జ్వరం. అయినా వచ్చింది.  మావయ్య చూశాడు. నుదుటి మీద చేయి వేసి, కోప్పడి, ఇంటికి పొమ్మన్నాడు. సోమవారం తీద్దాంలే అని చీమ కూడా అనుకుంది. పడుకుని అయినా రిపోర్టు రాసుకుంటానని నోట్‌బుక్ అడిగింది. ల్యాబ్ నోట్‌బుక్ గడప దాటకూడదని కూడా మావయ్య శాసనమే. జ్వరంతో ఉన్న పిల్ల మొహం చూసి ఆయన ఆ శాసనాన్ని పక్కన పెట్టాడు. తన చేత్తోనే ఆ నోట్‌బుక్‌ను సంచిలో పెట్టి, బస్సెక్కించి వచ్చాడు.

శనివారం ల్యాబ్‌కు సెలవు. అయినా మావయ్య వచ్చాడు. పిల్ల లేదు, గొట్టాలు ఒంటరిగా ఉంటాయి, ఒకసారి చూసిపోదాం అనుకున్నాడు. బీరువా వెనక్కి వెళ్ళి చూసేసరికి మూడో గొట్టం అంచు దాకా నిండి, నీళ్ళు నేల మీదికి కారుతున్నాయి. మోటారు స్విచ్చు దాకా తడి పాకింది. కింద సీసాలోకి చుక్క చుక్కగా కూడా దిగడం లేదు. పాపం, గొట్టానికి ఊపిరాడటం లేదనుకున్నాడు. మోటారు ఆపాడు. అప్పుడు ఆయన కళ్ళు టేపు మీద పడ్డాయి. మిగతా మూడింటి కన్నా జానెడు పైన ఉంది.

తడికి జిగురు వదిలి ఊడిపోయి ఉంటుంది, పిల్ల హడావిడిలో ఎక్కడో అక్కడ అంటించి ఉంటుంది అనుకున్నాడు. చీమను ఫోన్‌లో అడుగుదామని జేబులోంచి ఫోను తీశాడు కూడా. జ్వరంతో పడుకున్న పిల్లను లేపడం ఎందుకని మళ్ళీ జేబులో పెట్టాడు. ఆ జాలే కొంప ముంచింది. స్కేలు తెచ్చి మూడుసార్లు కొలిచి, ఎర్ర టేపును తాను మొదట అంటించిన ఎత్తుకే అంటించాడు. చూస్తే నీళ్ళు టేపు కన్నా ఎంతో పైన ఉన్నాయి. ఇంకేం చేయాలో ఆయనకు ఒకరు చెప్పక్కర్లేదు. నీళ్ళు దించి, పొడుగు గరిటె తీసుకుని, పై పొరను వేలెడు కాదు, రెండు వేళ్ళ మందాన గీకేశాడు. అంత ముదిరిన పొరను ఆయన ఎన్నడూ చూడలేదు. ఆ ఇసుకను తొట్టిలో వేసి మూడుసార్లు కడిగాడు. మురికి నీళ్ళు పోయిన సింకులో వాసన రాకుండా బ్లీచింగ్ పోశాడు. గొట్టం లోపలి గాజును కూడా బ్రష్షుతో తోమాడు. ఇసుకను తెల్లగా ఆరబోశాడు. నడుం పట్టేసింది. కానీ సోమవారం పిల్ల వచ్చి చూసుకుంటే ఎంత సంబరపడుతుందో అనుకుంటూ, ఏదో పాట కూనిరాగం తీసుకుంటూ ఇంటికి వెళ్ళాడు.

సోమవారం చీమ వచ్చింది. మొహం ఇంకా పీక్కుపోయి ఉంది. మావయ్య గుమ్మంలోనే ఎదురయ్యాడు.

"నీ పని నేను చేసి పెట్టానమ్మా. మూడోది నిండి పొంగిపోతోంది. గీకి, కడిగి, అద్దంలా చేశాను."

చీమ బీరువా వెనక్కి వెళ్ళింది. చాలాసేపు బయటకు రాలేదు. వచ్చాక, గీకిన ఇసుక ఎక్కడ పెట్టారని అడిగింది. మావయ్య పళ్ళెం తెచ్చి చూపించాడు. చీమ గుప్పెడు ఇసుక అరచేతిలోకి తీసుకుంది. వేలితో అటూ ఇటూ కదిపి చూసింది. ఒక్కో రేణువూ మెరుస్తోంది.

"చాలా శుభ్రంగా ఉంది మావయ్యా," అంది.

కాసేపటికి మావయ్య వెళ్ళి చూస్తే, చీమ సింకు కింద మోకాళ్ళ మీద కూర్చుని పానాతో గొట్టం వంపు విప్పుతోంది. ఏమైందని అడిగితే చెవి దుద్దు పడిపోయిందంది. జ్వరం పడి లేచిన పిల్ల తడి నేల మీద కూర్చోవడం ఏమిటని ఆయన పానా లాక్కుని తానే విప్పాడు. వంపులో నిలిచిన బురదనీళ్ళను జాగ్రత్తగా బీకరులోకి పట్టాడు. ఇద్దరూ తలలు దగ్గరపెట్టి వెతికారు. దుద్దు దొరకలేదు. ఆ బురదనీళ్ళు పారబోయబోతే చీమ చేయి అడ్డుపెట్టి, తానే పారబోస్తానని తీసుకెళ్ళింది. బ్లీచింగ్ వాసన గుప్పుమంటున్న ఆ నీళ్ళను ఒక గాజు పళ్ళెంలో పోసి, జీవాలను పెంచే వెచ్చని పెట్టెలో పెట్టి, మూత మీద చేయి ఆనించి అలాగే నిలబడిపోయింది. అందులో ఏదీ మళ్ళీ మొలవలేదు.

ఆ సాయంత్రం అన్నం తింటూ మావయ్య భార్యతో చెప్పాడు, పాపం పిల్ల దుద్దు పోగొట్టుకుందని. ఏ చెవిదని ఆవిడ మాటవరసకు అడిగింది. మావయ్య చేయి కంచంలోనే ఆగిపోయింది. సింకు కింద ఆ పిల్ల తల తన తలకు జానెడు దూరంలో ఉంది. రెండు చెవులకూ రెండు దుద్దులూ ఉన్నాయి. కంచం ముందు నుంచి లేచిపోయాడు.

మంగళవారం మేడమ్ వచ్చింది. మావయ్య నేరుగా ఆవిడ గదికి వెళ్ళి, మూడో గొట్టంలో ఏముండేదని అడిగాడు. ఆవిడ కాసేపు బల్ల మీది కాగితాలు సర్దింది. తర్వాత అంతా చెప్పింది. నీలం సంగతి, వారం రీడింగుల సంగతి, టేపు సంగతి. పొరను పొరపాటున తానే గీకేశానని చీమ నిన్న ఫోన్‌లో చెప్పిందని కూడా చెప్పింది.

"గీకింది నేను మేడమ్," అన్నాడు మావయ్య.

"తెలుసు. ఆ పిల్ల గీకి ఉంటే ఇసుక అంత శుభ్రంగా ఉండదు. గట్టిగా అడిగితే, ఆయనకు రిటైర్మెంట్ ఇంకో ఏడాదే ఉంది, ఆయన రికార్డులో మచ్చ పడకూడదు మేడమ్ అని బతిమాలింది."

 ఎదురుగా కుర్చీ ఉన్నా మావయ్య కూర్చోలేదు. టేపును మూడుసార్లు కొలిచాడు. ఇసుకను మూడుసార్లు కడిగాడు. అడగాల్సిన పిల్లను ఒక్కసారి కూడా అడగలేదు. ఒకసారే కడిగి ఉంటే, పోనీ, అలవాటు లేని మనిషిలా సగం సగం కడిగి ఉంటే, ఆ ఇసుక పళ్ళెంలో తోడు వేయడానికి చిటికెడు మిగిలి ఉండేది. తన మంచి గుణమే పనిగట్టుకుని ఆ పిల్ల గొంతు కోసిందని ఆయనకు అర్థమైంది. ఇన్నేళ్ళ తర్వాత, కిటికీ పక్కన కూర్చుని ఏడ్చిన ఆ గడ్డం మాసిన విద్యార్థి మళ్ళీ కళ్ళ ముందుకొచ్చాడు. చీమ అలా ఏడవను కూడా ఏడవలేదు.

చీమను వెతుక్కుంటూ వెళ్తే, లైబ్రరీ మెట్ల మీద కూర్చుని ఉంది. మావయ్య పక్కన కూర్చున్నాడు. క్షమించమని అడగాలని వచ్చాడు. చివరికి అడగగలిగింది ఇదొక్కటే.

"నాకెందుకు చెప్పలేదమ్మా? తిడతానని భయపడ్డావా?"

"తిడితే భయం లేదు మావయ్యా. మీరు నేర్పిన పనిలో మీకే తప్పు చూపించినట్టు ఉంటుందని..." చీమ మెట్టు మీది దుమ్మును వేలితో గీసింది. "తప్పు నాదే. టేపు పైకి జరిపాను గానీ, ఎందుకు జరిపానో పక్కన ఒక్క ముక్క రాయలేదు."

మావయ్య కాదని తల ఊపాడు. ఇద్దరిలో ఎవరి తప్పు ఎంతో తూచే తూనిక ఆ ల్యాబ్‌లో లేదు. ఆయన మీద గౌరవంతో ఆ పిల్ల చెప్పలేదు, ఆ పిల్ల మీద ప్రేమతో ఆయన అడగలేదు. పగవాళ్ళై ఉంటే ఆ పొర బతికి ఉండేది.

రివ్యూ నాడు మావయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని వెనక వరసలో కూర్చున్నాడు. చీమ తన వంతు వచ్చినప్పుడు లేచి, ఏడు నెలల పని చెప్పింది. వారం రీడింగులు తెర మీద చూపించింది. పొర పోయిందని, నిర్వహణలో తన పొరపాటని చెప్పింది. అప్పుడు మావయ్య లేచి నిలబడ్డాడు. గీకింది తానని, పిల్లకు ఏ పాపం తెలియదని అందరి ముందూ అన్నాడు. కమిటీ పెద్దాయన మర్యాదగానే విని, కూర్చోమన్నాడు. ఎవరు గీకారన్నది వాళ్ళకు అక్కర్లేని సంగతి.

కమిటీలో ఒకావిడకు ఆ పిల్ల మీద మనసు కరిగింది. వారం పాటు నీలం పోయిందంటే పోయినట్టే కదా, ఒక గొట్టంలో ఒకసారి వచ్చినా ఫలితం ఫలితమే కదా అని ఆవిడ అడిగింది. అది ప్రశ్న కాదు, ఆసరాగా అందించిన చేయి. ఔనంటే చాలు. గదిలో ఉన్న వాళ్ళందరికీ అది తెలుసు. చీమ వెనక వరస వైపు చూసింది. మావయ్య ఔనని చెప్పు, ఔనని చెప్పు అని మనసులో మొక్కుకుంటున్నాడు.

"కాదు మేడమ్," అంది చీమ. "మా ల్యాబ్‌లో మూడుసార్లు కనపడనిది కనపడనట్టే లెక్క."

సీటు ఇంకో పిల్లాడికి వెళ్ళింది. అతని పని చిన్నదే, కానీ మూడుసార్లు చేసి చూపించాడు. చీమ తర్వాతి వారం బల్ల ఖాళీ చేసింది. తన బీకర్లన్నీ కడిగి బోర్లించింది. వెళ్ళేటప్పుడు మావయ్య పాదాల వైపు కూడా చూడలేక, వస్తానని గాలికి చెప్పినట్టు చెప్పి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఇంట్లో ఒక మార్పు వచ్చింది. మావయ్య గ్లాసు ఒకసారే తొలిచి బోర్లించేవాడు. తాళం వేసి వెనక్కి చూడకుండా నడిచేవాడు. ఇన్నేళ్ళూ ఎగతాళి చేసిన భార్యకు అది చూసి గుండె జారింది. ఇంకో రెండుసార్లు కడగండి, నేనేమీ అననులెండి అని ఒక రోజు బతిమాలింది కూడా. ఆయన విననట్టే చేయి తుడుచుకున్నాడు.

ల్యాబ్‌లో మాత్రం ఆయన ఎవరికీ చెప్పకుండా ఒక పని మొదలుపెట్టాడు. మూడో గొట్టాన్ని మళ్ళీ నింపాడు. ఎర్ర టేపును చీమ పెట్టిన చోటే, జానెడు పైన, అంటించాడు. ఎందుకు పైన ఉందో పక్కన కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి తగిలించాడు. అంచు పొంగకుండా ఒక సన్న గొట్టం అమర్చాడు. ఏడు నెలలు నిండాయి, కింద నీళ్ళు నీలంగానే దిగాయి. ఎనిమిది నిండాయి, తొమ్మిది నిండాయి. మేడమ్ చూసీ చూడనట్టు పోయేది. ఆయనకు రిటైర్మెంట్ ఇంక ఆరు వారాలుందనగా, ఒక ఉదయం సీసాలోకి దిగిన చుక్కలు తేటగా ఉన్నాయి. మర్నాడు కూడా. మూడో రోజు కూడా. మావయ్య పొరలో కాస్త తీసి మొదటి, రెండో గొట్టాలకు తోడు వేశాడు. నెల తిరిగేసరికి ఆ రెండూ తేటపడ్డాయి.

అప్పుడు చీమకు ఫోను చేశాడు. మధ్యాహ్నం, కంపెనీలో వాళ్ళకు తిండికి వదిలే వేళ. అంతదాకా ఆ పిల్లకు ఫోను చేసే మొహం ఆయనకు లేదు.

"వచ్చిందమ్మా," అన్నాడు. 

 అటువైపు ఎవరివో ఫోన్లు మోగుతున్నాయి.

"మూడుసార్లు చూశారా?"

"మూడు గొట్టాల్లో. ఒక్కోదాన్లో మూడుసార్లు."

"అయితే నిజమేనన్నమాట," అంది చీమ. ఆ గొంతు ఏడుస్తోందో నవ్వుతోందో ఆయనకు తెలియలేదు. "ఈసారి గీకకండి మావయ్యా."

"గీకనమ్మా."

నువ్వు వచ్చేయి, నీ పని నువ్వు తీసుకో అని అనాలని ఆయన నాలుక చివర దాకా వచ్చింది. ఆ సీటు చివరి ఏడాది వాళ్ళకే అని ఇద్దరికీ తెలుసు. చీమ తండ్రి స్టీరింగు వదిలి నాలుగు నెలలైందని మేడమ్ చెప్పగా ఆయన విన్నాడు. మేడమ్ ఈ పనిని కొత్త బ్యాచీలో ఒక పిల్లకు ఇవ్వబోతోంది. అదీ చెప్పాలి, కానీ చెప్పలేకపోయాడు.

ఇంతలో చీమకు పాత గొంతు వచ్చేసింది. ప్రశ్నలు ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయి. పొర రంగు ఎలా ఉంది, నల్లబడిందా, నీలం పోవడానికి ఎన్ని గంటలు పడుతోంది, తోడు ఎంత వేశారు, వాసన వస్తోందా. మావయ్య ఊపిరాడకుండా జవాబులు చెప్పాడు. ఆయన మొహం ఏడాది తర్వాత మొదటిసారి విచ్చుకుంది.

"మరి నీళ్ళ వేడి ఎంత..." అని చీమ మొదలుపెట్టి ఆగిపోయింది.

"చెప్పమ్మా, అడుగు."

"వద్దులెండి మావయ్యా. ఎవరు చేస్తారో వాళ్ళని నోట్‌బుక్‌లో రాయమనండి. లైన్లో జనం ఆగి ఉన్నారు, ఉంటాను."

ఫోను తెగిపోయింది. చీమ ఒక ప్రశ్నను మధ్యలో ఆపడం ఆయన ఎన్నడూ వినలేదు. చుట్టూ మోటారు చప్పుడు తప్ప ఏమీ లేదు. మావయ్య ఫోనును చెవికి అలాగే ఆనించుకుని, మూడో గొట్టం పక్కన వేలాడుతున్న థర్మామీటరు వైపు చూశాడు.

"ఇరవై ఎనిమిది డిగ్రీలమ్మా," అన్నాడు. "మూడుసార్లు చూశాను."